వెనకద్దం మీది మాట

“పెడల్ ఎక్కడిదాకా పోయింది?”

“నేల దాకా, ఆంటీ. కాలి కింద ఏమీ లేనట్టు పోయింది.”

“మళ్ళీ తొక్కావా?”

“తొక్కాను. రెండోసారి మామూలుగానే ఉంది. అదే నా ఏడుపు! రెండోసారి ఉన్న బ్రేకు మొదటిసారి ఏమైనట్టు? నా కాలే సరిగ్గా పడలేదేమో.”

రాసుకుంటున్న అబ్రాఫి సార్పోంగ్ పెన్ను ఆగింది. ఈ మాట ఆమె ఇదివరకు విన్నది. ఇవే మాటలు, ఇదే వరసలో. ఎవరి నోట విన్నదో మాత్రం గుర్తుకు రాలేదు. ముప్పై నాలుగేళ్ళు కుమాసి నగర ట్రాఫిక్ పోలీసు శాఖలో గుద్దుకున్న బళ్ళను పరీక్ష చేసి రిపోర్టులు రాసిన మనిషి. తప్పంతా బ్రేకు మీదికి నెట్టే డ్రైవర్లను ఎంతమందిని చూసిందో లెక్కే లేదు. రిటైరై పదహారు నెలలైంది. ఇంట్లో కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయని ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టుకుంది. మోకాళ్ళు ఎలాగూ పట్టేశాయి, అది వేరే సంగతి.

ఎదురుగా బల్ల మీద కూర్చున్న ఫోస్తినా అగ్యాపొమా ప్రసూతి నర్సు. కొండ మీది ఏడు ఊళ్ళకూ ఉన్న చిన్న ఆస్పత్రి ఒక్కటే, అందులో ఆమె ఒక్కతే. ఒళ్ళో ఐదు రోజుల పసిపిల్ల నిద్రపోతోంది. పిల్ల ఆమెది కాదు, తల్లి కాస్త కునుకు తీస్తుంటే ఎత్తుకుంది. పోయిన శుక్రవారం తెల్లవారి ఐదూ నలభైకి, నొప్పులు పడుతున్న ఒకావిడను వెనక సీట్లో పడుకోబెట్టుకుని ఫోస్తినా పెద్దాస్పత్రికి బయల్దేరింది. కారు కొని అప్పటికి పందొమ్మిది రోజులు. కొండ దిగుతుండగా చివరి మలుపులో బ్రేకు పోయింది. కారు రోడ్డు దిగి అరటి తోటలోకి దూసుకుపోయి, నాలుగు చెట్లను పడగొట్టి ఆగింది. ఆరూ ఐదుకి, అదే వెనక సీట్లో, అరటాకుల మధ్య పిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం.

అక్కడ పిల్లలకు మొదటి పేరు పుట్టిన వారాన్ని బట్టే వస్తుంది. శుక్రవారం పుట్టిన ఆడపిల్ల అఫువా కాక ఇంకేమవుతుంది? ఆ పేరు పుడుతూనే తెచ్చుకుంది. రెండో పేరు ఎనిమిదో రోజున పెట్టాలి. పిల్ల తల్లి, ఫోస్తినా పేరే పెడతానని పట్టుబట్టింది. ఫోస్తినా ఒప్పుకోలేదు.

“నా చేతుల్లో చావబోయిన పిల్లకి నా పేరా ఆంటీ? పెద్దయ్యాక ఎవరి పేరమ్మా నీదంటే ఏం చెప్పుకుంటుంది?”

“నీ చేతుల్లో పుట్టిన పిల్ల,” అంది అబ్రాఫి.

“కారు అమ్మినాయన తరఫున బండి చూసిన ఆ బ్రోబే గారి రిపోర్టు చదివారు కదా. బ్రేకులన్నీ బాగున్నాయట. డ్రైవరు అజాగ్రత్త అట. సాయంత్రం నాలుగింటికి ఆరోగ్య శాఖ వాళ్ళు పిలిచారు. ఒప్పుకుని సంతకం పెడితే రోగుల్ని బండిలో ఎక్కించుకోవద్దని రాసి వదిలేస్తారట, లేకపోతే ఉద్యోగమే తీసేస్తారట.” ఆమె పిల్ల నెత్తి మీది బట్ట సర్దింది. “సంతకం పెట్టేద్దామనుకుంటున్నాను. నిజంగానే నా కాలిదే తప్పేమో ఎవరికి తెలుసు?”

అబ్రాఫి పిల్ల ముఖంలోకి చూసింది. తర్వాత ఫోస్తినా ముఖంలోకి. మోసం చేసినవాడు హాయిగా నిద్రపోతాడు, మోసపోయినవాళ్ళే తప్పు ఎక్కడ చేశామా అని రాత్రంతా వెతుక్కుంటారు. ఆమె పుస్తకం మూసింది.

“నాలుగింటిదాకా పెన్ను ముట్టుకోకు. మిగతాది నాకొదిలెయ్.”

ఎజ్రా ఒబిరి పాత కార్ల యార్డుకు ఆమె చేరేసరికి పదీ ఇరవై. ఎడారి దుమ్మును మోసుకొచ్చే హర్మటాన్ గాలి ముదిరిన జనవరి నెల. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. యార్డులో మాత్రం ముప్పై కార్లూ అప్పుడే పుట్టినట్టు మెరిసిపోతున్నాయి. ఇద్దరు మనుషులు బకెట్లు పట్టుకుని వరసగా కడుక్కుంటూ వస్తున్నారు.

“రోజూ కడుగుతారా?”

“రోజూ పొద్దున్నే మేడమ్,” అన్నాడు ఎజ్రా. సన్నటి మనిషి, తెల్లటి చొక్కా, మాటలో వెన్న. “మురికి కారు ఎవరు కొంటారు? రండి, కూర్చోండి. మీ మోకాళ్ళకు తగ్గట్టు ఎత్తు సీటున్న బండి ఒకటి వచ్చింది.”

“నాకు బండి వద్దు. నువ్వు ఫోస్తినాకి అమ్మిన బండి పుట్టుపూర్వోత్తరాలు కావాలి.”

వెన్న కొంచెం గట్టిపడింది. రసీదు నకలు తీసి బల్ల మీద పెట్టి, కింద ఉన్న ఎర్ర స్టాంపు మీద వేలు ఆనించాడు. “చూసి కొన్నది, వాపసు లేదు” అని ఉంది.

“ఇదిగో. ఆవిడ చూసుకుంది, తిప్పి చూసింది, కొంది. గేటు దాటాక నాకేం సంబంధం?”

“ఈ స్టాంపు ఎంత పెట్టి చేయించావు?”

“ఎందుకు?”

“దండగ చేశావని. చూస్తే కనబడే సొట్ట అయితే కొన్నవాళ్ళదే తప్పు. చూసినా కనబడని లోపం చెప్పకుండా అమ్మితే అది వ్యాపారం చేసేవాడి నెత్తికే చుట్టుకుంటుంది. అరవై రెండు నాటి చట్టం, నేను పుట్టిన ఏడాదిది. నాలాగే ముసలిదైంది కానీ ఇంకా నడుస్తోంది.”

“లోపం ఉంటే కదా మేడమ్! అది ఒకే ఒక్క చేతి కింద ఉన్న బండి. బడి పంతులమ్మ నడిపింది. ఇంటి నుంచి బడికి, బడి నుంచి చర్చికి. ఇదిగో ఆవిడ నాకు అమ్మిన కాగితం.”

అబ్రాఫి కళ్ళజోడు పెట్టుకుని చదివింది. అమ్మినవారు: అఫువా పినమాంగ్. పుట్టిన తేదీ: 1985 ఆగస్టు 17. వృత్తి: టీచరు.

“ఈ వివరాలు ఎక్కణ్ణుంచి రాశావు?”

“ఆవిడ కార్డు చూసి, నా చేత్తో నేనే రాశాను.”

“మంచి మనిషేనా?”

“దేవతండీ.”

“అఫువా. శుక్రవారం పుట్టిందన్న మాట.”

“అంతే కదా,” అని నవ్వాడు ఎజ్రా. “శుక్రవారం పుట్టానని ఆవిడే చెప్పింది కూడాను.”

“నా పెద్ద కూతురు పేరూ అఫువానే. ఎనభై ఐదు ఆగస్టు పదహారున పుట్టింది. శుక్రవారం. మర్నాడు మా అత్తగారు బిడ్డను చూడ్డానికొచ్చి, ఇంకొక్క రోజు ఆగి ఉంటే అమా అయ్యేది, నా పేరు వచ్చేది కదా అని ముఖం మాడ్చుకుంది. మా అత్తగారు శనివారం మనిషి.” అబ్రాఫి కాగితం అతనివైపు తిప్పింది. “పదిహేడు శనివారం, ఎజ్రా. ఈ పంతులమ్మ శుక్రవారం పేరు పెట్టుకుని శనివారం పుట్టింది. పైగా నీతో శుక్రవారం పుట్టానని చెప్పింది. పేరు అల్లేటప్పుడు తేదీ కూడా చూసి అల్లాలి నాయనా.”

ఎజ్రా కాగితం వెనక్కి లాక్కున్నాడు. “అమ్మమ్మ పేరు పెట్టుకుని ఉంటుంది. లేదా నేనే తొందర్లో...”

“కార్డు చూసి రాశానన్నావు.”

“పేరు ఏ వారానిదైతేనేం చీఫ్, దానివల్ల బ్రేకులు పోతాయా?”

గుమ్మంలోంచి వచ్చిందా గొంతు. అబ్రాఫి తల తిప్పకుండానే ఎవరో గుర్తు పట్టింది. పదకొండేళ్ళు ఆమె వెనకాల టార్చి పట్టుకుని తిరిగినవాడు, ఆమె చెప్పిన రిపోర్టులు టైపు చేసినవాడు. ఆమె రిటైరైన నెలకే ఉద్యోగం మానేసి కార్ల డీలర్లకు పరీక్షలు చేసి పెట్టే పని మొదలెట్టాడు. జాక్సన్ బ్రోబే. పొట్ట కొంచెం పెరిగింది. చేతిలో కాగితం పొట్లం ఉంది.

“కాల్చిన అరటికాయ, వేరుశనక్కాయలు,” అని పొట్లం ఆమె ముందు పెట్టాడు. “పొద్దుటి నుంచి ఏమీ తిని ఉండరు. తిన్నాక తిట్టండి.”

“అవతలివాడి జీతం తింటూ నాకు అరటికాయ పెడుతున్నావా?”

“జీతం వేరు, అరటికాయ వేరు.” అతను కుర్చీ లాక్కున్నాడు. “కాగితం తప్పు రాశాడు, ఒప్పుకుంటాను. దానికి తిట్టండి. బండికి మాత్రం జబ్బు లేదు. శనివారం పొద్దున్న ఏడింటికి నేనే చూశాను. నూనె కారడం లేదు, గొట్టాలు బాగున్నాయి. పదకొండుసార్లు తొక్కాను. చిన్నగా, మధ్యస్థంగా, గట్టిగా. పదకొండుసార్లూ ఆగింది.”

“ఏడింటికే ఎందుకు?”

“బండి చల్లగా ఉండగా చూడాలి, అప్పుడే దాని అసలు గుణం తెలుస్తుంది. ఎవరు నేర్పారో గుర్తుందా? మీరే చీఫ్. మీ పరీక్ష, అక్షరం పొల్లు పోకుండా.”

 అబ్రాఫి పాఠం అబ్రాఫికే అప్పజెప్పాడు. ఎజ్రా ముఖంలో వెన్న మళ్ళీ కరిగింది.

“ఆవిడ మంచిదే చీఫ్,” అన్నాడు బ్రోబే గొంతు తగ్గించి. “కంగారులో కాలు జారి ఉంటుంది. వెనకాల ఒకావిడ అరుస్తుంటే ఎవరికైనా జారుతుంది. దాన్ని నేరం అనలేదు నేను. జరిగింది రాశాను.”

“నువ్వు రాసింది చదివి ఆవిడ తనను తాను హంతకురాలిననుకుంటోంది, బ్రోబే.”

అతను తల దించుకున్నాడు. మెత్తటి మనసు వాడిది, ఎటొచ్చీ సంపాదించేచోట దాన్ని జేబులో పెట్టుకుంటాడు.

“ఒకటిన్నరకి మాగజీన్‌ పేటలో ఇద్రిసు షెడ్డుకి రా,” అంది అబ్రాఫి లేచి. “బండి అక్కడే ఉంది. నీ కళ్ళ ముందే చూద్దాం. తప్పు నాదైతే నాలుగింటికి నీ రిపోర్టు కింద నేనే సంతకం పెడతాను.”

పొట్లం తీసుకోవడం మాత్రం మరిచిపోలేదు.

మాస్టర్ ఇద్రిసు ఉత్తరాది నుంచి వచ్చి నలభై ఏళ్ళుగా మాగజీన్‌ అనే మెకానిక్కుల పేటలో బళ్ళు బాగుచేస్తున్న ఫిట్టరు. మాట తక్కువ, చెవి ఎక్కువ. ఇంజను శబ్దం విని దాని వయసు చెబుతాడు. శుక్రవారం మధ్యాహ్నం అరటి తోటలోంచి లాక్కొచ్చిన తెల్లకారును వెనక భాగం గోడకు ఆనించి నిలిపాడు. ఆ తర్వాత బ్రోబే పరీక్షకు తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. బ్రోబే ముందుకు నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు నడిపి మళ్ళీ అక్కడే పెట్టాడు. దాని మీద ఇప్పుడు నాలుగు రోజుల దుమ్ము ఉంది.

“పాపం, నేను రోజూ కడిగేదాన్ని,” అంది ఫోస్తినా. డ్యూటీ మార్చుకుని వచ్చింది. కారుకేసి భయంగా చూస్తూ దూరంగా నిలబడింది.

ఒకటీ ముప్పై రెండుకి బ్రోబే వచ్చాడు. ఇద్రిసు ఏమీ మాట్లాడకుండా, ఇందాకే విప్పి పక్కన పెట్టిన ముందు చక్రం పైరేకును తిరగేసి చూపించాడు. పైన తెలుపు. లోపలి అంచున, రంగు తుపాకి అందని మూలలో, కోడిగుడ్డు సొనలా పసుపు.

కుమాసిలో చంటిపిల్లకు కూడా అర్థమయ్యే రంగది. నాలుగు మూలలకూ పసుపు ఉంటే టాక్సీ.

“పంతులమ్మ బడికీ చర్చికీ మధ్యలో బేరాలు కూడా వేసిందన్నమాట,” అంది అబ్రాఫి.

బ్రోబే రేకును వేలితో గీకి చూసి, పళ్ళు కొరికాడు. “నాకు చెప్పలేదు వాడు.”

“అందరి కళ్ళల్లోనూ దుమ్ము కొట్టాడు. నీకెందుకు మినహాయింపు?”

“సరే, టాక్సీ. మూలాలు దాచాడు, దగుల్బాజీ. చాసిస్ నంబరు పట్టుకుని పాత నంబరు అడిగారా?”

“లైసెన్సు ఆఫీసు వాళ్ళు సోమవారం రమ్మన్నారు. నాకు నాలుగింటికి కావాలి.”

“టాక్సీ అయినంత మాత్రాన బ్రేకు పోయినట్టు కాదు కదా చీఫ్. నా పదకొండు పరీక్షల మాటేమిటి?”

అప్పుడు ఇద్రిసు నోరు విప్పాడు. “పొద్దున్న చూశావా?”

“అవును మాస్టర్. చల్లగా ఉండగా.”

“చల్లగా ఉంటే ఇది చాలా మంచిది. నూనెను తోసే సిలిండరు లోపల రబ్బరు వాషరు ఉంటుంది. పాతదైతే వేడికి మెత్తబడుతుంది. కొండ దిగుతూ తొక్కి తొక్కి వేడెక్కాక, ఒక్కసారి నూనె దాన్ని దాటుకుని వెనక్కి పోతుంది. పెడల్ నేలకి పోతుంది. రెండోసారి తొక్కితే వాషరు మళ్ళీ పట్టుకుంటుంది. బయటికి చుక్క కారదు. చల్లారాక ఎవరొచ్చి చూసినా బాగానే ఉంటుంది.” అతను చేతులు తుడుచుకున్నాడు. “పొద్దున్న పరీక్షకి ఇది ఎన్నేళ్ళయినా దొరకదు.”

 ముప్పై నాలుగేళ్ళు అబ్రాఫి కూడా పొద్దున్నే పరీక్ష చేసింది. చల్లగా ఉండగా. అలాగే చేయాలని ఎంతోమందికి నేర్పింది. లోపల ఎక్కడో ఒక తలుపు తెరుచుకోబోయింది. ఆమె దాన్ని మూసేసింది. ముందు ఫోస్తినా పని కావాలి.

“విప్పి చూద్దామా?” అన్నాడు బ్రోబే.

“విప్పితే, మీరే పాడుచేశారని ఎజ్రా అంటాడు. ముందు నడిపి చూడాలి. వేడెక్కేదాకా. వెనక ఖాళీ జాగా చివర అడ్డంగా పాత టైర్లు పేర్పించాను, నా నడుమెత్తు.”

“నేను నడుపుతాను,” అన్నాడు బ్రోబే. “రిపోర్టు నాది. కాలు కూడా నాదే ఉండాలి.”

ఎంతైనా ఆమె శిష్యుడే. స్టీరింగు ఎడమవైపున్న బండి, అబ్రాఫి అతని కుడిపక్క సీట్లో కూర్చుంది. వద్దని అతనంటే, నువ్వు అంకెలు తప్పు చెబుతావంది. గోడ దగ్గర్నుంచి కారు కదిలింది. టైము ఒకటీ యాభై రెండు.

షెడ్డు వెనక ఖాళీ జాగా చదునుగా, పొడుగ్గా ఉంది. ఇద్రిసు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. బ్రోబే ఆ చివరికి, ఈ చివరికి, రెండో గేరులో తిప్పుతూ, సగం దూరం పెడల్ మీద కాలు ఆనించే ఉంచి, చివర గట్టిగా తొక్కుతున్నాడు. తొక్కినప్పుడల్లా అబ్రాఫి గీత గీస్తోంది. పది. పదకొండు. పదకొండో గీత దగ్గర అతను ఆమెకేసి చూసి నవ్వాడు. ఆమె నవ్వలేదు. పదిహేను. చక్రాల దగ్గర కాలిన వాసన మొదలైంది. ఇరవై రెండు.

“చీఫ్, మర్యాదగా అడుగుతున్నాను, ఇంకెన్ని?”

“ఆ కొండకి ముప్పై ఒక్క మలుపులు. ఫోస్తినా వాటిలో ఎన్నిటి దగ్గర తొక్కి ఉంటుందో అన్ని.”

ఇరవై ఆరు. ఇరవై ఏడు. రెండూ పద్దెనిమిదికి, ఇరవై తొమ్మిదో గీత గీయబోతుండగా బ్రోబే మోకాలు ఒక్కసారిగా ముందుకు జారిపోయింది.

“పెడల్ నేల దాకా పోయింది చీఫ్!”

ఎడమచేత్తో స్టీరింగు పట్టుకుని, కుడిచెయ్యి అబ్రాఫి గుండెలకు అడ్డంగా చాపాడు. కారు టైర్లను కుమ్మింది. పైవరస టైర్లు బానెట్టు మీద దొర్లాయి. దుమ్ము లేచి నాలుగు వైపులా కమ్మేసింది. ఇంజను ఆగిపోయింది.

“దెబ్బ తగిలిందా?” అన్నాడు బ్రోబే.

“లేదు. మళ్ళీ తొక్కు.”

బ్రోబే తొక్కాడు. “మామూలుగా ఉంది,” అన్నాడు. తర్వాత చాలా మెల్లిగా, “రెండోసారి మామూలుగానే ఉంది,” అని మళ్ళీ అన్నాడు.

ఫోస్తినా పరుగెత్తుకొచ్చింది. కిటికీలోంచి బ్రోబే కాలికేసి, పెడల్‌కేసి చూసింది. అది తన కాలు కాదు. ఆ క్షణాన నెత్తి మీది కొండ దిగినట్టయింది. నేల మీదే కూలబడి, మోకాళ్ళలో ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

“నా కాలు కాదు. మాస్టర్, చూశారా, నా కాలు కాదు!”

“చూశానమ్మా,” అన్నాడు ఇద్రిసు. “అందరం చూశాం.”

బ్రోబే జేబులోంచి తన రిపోర్టు తీసి రెండుగా చింపాడు. “నాలుగింటికి నేనే వచ్చి చెబుతాను. పొద్దున పరీక్షకి దొరకని జబ్బని, ఎజ్రా దాచిన టాక్సీ అని. బండి వెనక్కి తీసుకోక ఛస్తాడా వాడు? చీఫ్, మీరు గెలిచారు. చీఫ్?”

అబ్రాఫి కదల్లేదు. ఆమె చూపు ముందున్న చిన్న అద్దం మీద ఉంది. గుద్దుడికి అది ఆమె వైపు తిరిగింది. అందులో కారు వెనకద్దం, దాని మీద నాలుగు రోజుల దుమ్ము, దుమ్ము వెనక మధ్యాహ్నపు ఎండ. వెనకద్దమంతా దుమ్ము పలచగా ఉంది. నడిమధ్యన మాత్రం గీతలు గీతలుగా దట్టంగా అంటుకుని ఉంది. ఒకప్పుడు అక్కడ అతికించిన అక్షరాలు పీకేశారు. జిగురు మిగిలింది. రోజూ కడిగితే కనబడని జిగురు. కడగడం మానేసిన నాలుగు రోజుల్లో దుమ్ము వచ్చి ఆ జిగురు పట్టుకుని అక్షరాలను తిరిగి రాసింది. లోపల్నుంచి చూస్తే తిరగబడి కనబడే మాట, ఆ చిన్న అద్దంలో మళ్ళీ తిరగబడి సూటిగా కనబడుతోంది. ట్వి భాషలో రెండే రెండు మాటలు.

అమ్మ నవ్వింది.

ఇందాక మూసేసిన తలుపు బార్లా తెరుచుకుంది. అప్పుడీ కారు నీలం రంగుది, మూలలకు పసుపు. పదహారు నెలల కిందట, ఉద్యోగంలో ఆమె ఆఖరి కేసు. సంత వీధి వాలులో టాక్సీ ఆగకుండా వచ్చి కెంకే అనే మొక్కజొన్న ముద్దలు అమ్మే షెడ్డును గుద్దింది. తింటూ కూర్చున్న ఒక ముసలాయన పోయాడు. డ్రైవరు క్వాకు న్యార్కో, ముప్పై ఏళ్ళవాడు, స్టేషన్లో ఆమె ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెడల్ నేల దాకా పోయింది మేడమ్, రెండోసారి మామూలుగానే ఉంది, అన్నాడు. అందరూ ఇదే చెబుతారు నాయనా, అందామె. ఆ మాట ఏమిటి వెనకద్దం మీద, అని అడిగింది మాటవరసకి. నాన్న పోయాక అమ్మ నవ్వడం మానేసింది మేడమ్, టాక్సీ ఇంటికి తెచ్చిన రోజు నవ్వింది, అందుకే రాయించాను, నడుపుతుంటే ముందున్న చిన్న అద్దంలో రోజంతా కనబడుతుంది, అది చూస్తూ ఎవరైనా దూకుడుగా నడుపుతారా, అన్నాడు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి ఆమె పరీక్ష చేసింది. బండి చల్లగా ఉండగా. పదకొండుసార్లు తొక్కింది. బ్రేకులన్నీ బాగున్నాయని, డ్రైవరు అజాగ్రత్త అని రాసింది. కోర్టు నాలుగేళ్ళు వేసింది. న్యార్కో ఇంకా లోపలే ఉన్నాడు.

బ్రోబే ఆమె చూపు వెంట చూశాడు. చదివాడు. ఆ రిపోర్టు టైపు చేసింది అతనే.

 అతను కారు దిగాడు. ఇద్రిసు బకెట్లోంచి తడిగుడ్డ పిండి చేతిలోకి తీసుకుని, ఆమె వైపు తలుపు తెరిచి, చెవి దగ్గరగా వంగాడు.

“చీఫ్, ఫోస్తినా కేసుకి ఈ అద్దం అక్కర్లేదు. పసుపు రంగు చాలు, ఇప్పటి పరీక్ష చాలు. ఇది బయటికొస్తే వాళ్ళు ఒక్క రిపోర్టుతో ఆగరు. మీరు రాసిన ముప్పై నాలుగేళ్ళ రిపోర్టులూ తవ్వుతారు. ఎంతమంది లాయర్లు, ఎన్ని కేసులు! మీ పేరు, మీ పెన్షను, అన్నీ బజారున పడతాయి. ఎవరికీ తెలియదు. ఒక్కసారి తుడిచేస్తాను. చెప్పండి.”

అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆమె మీద ప్రేమతోనే అడుగుతున్నాడు. అబ్రాఫికి అది తెలుసు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ తడిగుడ్డ ఆమెకు చల్లగా, హాయిగా కనబడింది.

బయట ఫోస్తినా ముఖం కడుక్కుంటోంది. ఐదు రోజుల తర్వాత భుజాలు నిటారుగా ఉన్నాయి. ఐదు రోజులు మోసింది పాపం, చేయని తప్పు. న్యార్కో పదహారు నెలలుగా మోస్తున్నాడు. కోర్టులో వెనక బల్ల మీద కూర్చున్న ఆ తల్లి ముఖం అబ్రాఫికి ఇప్పుడు స్పష్టంగా గుర్తొచ్చింది. తీర్పు చదువుతుంటే ఆవిడ ఏడవలేదు. కొడుకునే చూస్తూ కూర్చుంది.

అబ్రాఫి బ్రోబే చేతిలోంచి తడిగుడ్డ మెల్లిగా తీసుకుని దూరంగా విసిరేసింది.

“ఎవరూ ఈ అద్దం ముట్టుకోకండి,” అంది పైకి, అందరికీ వినబడేలా. “మాస్టర్, గాలి తగలకుండా ఏదైనా అడ్డం పెట్టండి. ఫోస్తినా!”

“ఆంటీ?”

“శుక్రవారం ఆ పిల్లకి నీ పేరు పెట్టనివ్వు. వద్దంటే నేనూరుకోను.”

ఫోస్తినా ఏడుస్తూనే నవ్వింది. అబ్రాఫి మోకాళ్ళు పట్టుకుని కారు దిగింది. వెనక్కి నడిచి, ఆ రెండు మాటల పక్కన నిలబడింది.

“ఫోన్ తియ్, బ్రోబే. ఫోటో తియ్. అద్దం ఒక్కటే కాదు, నేను కూడా పడాలి.”

“మీరెందుకు చీఫ్?” ఫోన్ పైకెత్తుతూ అడిగాడు అతను.

“న్యార్కో బండిని పరీక్ష చేసినవాళ్ళ పేరు అడుగుతారు కదా.” ఆమె తలగుడ్డ సర్దుకుని నిటారుగా నిలబడింది. “టైము రాసుకో. రెండూ ముప్పై ఒకటి.”